హైడ్రాంజియా పూలు కూజాలో ఎక్కువ రోజులు నిలవాలంటే

మల్లెమొగ్గలను తడిగుడ్డలో చుట్టి, అరటాకులో పొట్లం కట్టి, చల్లటి చోట పెడితే సాయంత్రం దాకా తాజాగా ఉంటాయని గోదావరి డెల్టాలో ఎవరికీ ఒకరు చెప్పనక్కరలేదు. బంతి, చామంతి, లిల్లీ, కనకాంబరం పూలను నిలవ ఉంచడం మనం చిన్నప్పటి నుంచి పెద్దవాళ్ల చేతుల్లో చూసి నేర్చుకున్నాం. హైడ్రాంజియా విషయంలో మాత్రం ఆ అనుభవం సగమే పనికివస్తుంది. మల్లెకు కాడ ఉండదు కాబట్టి ఉన్న తడిని కాపాడటం తప్ప మనం చేయగలిగేది లేదు. హైడ్రాంజియాకు పొడవైన కాడ ఉంటుంది, దాని చివర చేతివెడల్పు గుత్తి ఉంటుంది, ఆ గుత్తికి క్షణం తీరిక లేకుండా నీరు అందుతూ ఉండాలి. నీరు అందే దారి మూసుకుపోతే ఎంత చల్లటి గదిలో పెట్టినా గుత్తి తల వాల్చేస్తుంది. అందువల్ల కింద చెప్పబోయే పనులన్నీ ప్రధానంగా ఆ దారిని తెరిచి ఉంచడానికి ఉద్దేశించినవే.

హైడ్రాంజియా మన నేల పువ్వు కాదు. చల్లటి వాతావరణం, నీడ, ఎప్పుడూ తేమగా ఉండే నేల దానికి కావాలి. ఊటీ, కొడైకెనాల్ వంటి కొండ ప్రాంతాల్లో అది ఇళ్ల ముందు పొదలుగా పెరుగుతుంది. మనకు అది కోసిన పువ్వుగా, పెట్టెల్లో ప్రయాణం చేసి వస్తుంది. పెళ్లి మంటపాల అలంకరణలో నీలం, తెలుపు గుత్తులను విరివిగా వాడటం మొదలైన తరువాత రాజమహేంద్రవరం, అమలాపురం, భీమవరం వంటి పట్టణాలలోని ఇళ్లలో కూడా ఈ పువ్వు కనిపిస్తోంది. కొన్నవారిలో చాలామంది ఒకే మాట అంటారు: పొద్దున్న తెచ్చాం, మధ్యాహ్నానికే వాడిపోయింది. ఆ మాట నేను కూడా అన్నదాన్నే.

కొన్నేళ్ల క్రితం వైశాఖమాసంలో అమలాపురంలో మా చెల్లెలి కూతురి నిశ్చితార్థానికి ఇరవై నీలం గుత్తులు తెప్పించాం. అమ్మినవారు నీళ్లలో పెడితే చాలన్నారు, మేము అలాగే పెట్టాం. పన్నెండు గంటలకు చూసేసరికి ఇరవైలో పదిహేను గుత్తులు కాడ మెడ దగ్గర వంగిపోయి, రేకులు నలిగిన పట్టుగుడ్డలా మెత్తబడి ఉన్నాయి. పారేయమని పెద్దవాళ్లు అంటూ ఉండగా, కడియం దగ్గర నర్సరీ నడిపే మా మరిది వాటిని చేతిలోకి తీసుకుని చూశాడు. “వదినా, ఇవి చచ్చిపోలేదు, దాహానికి సొమ్మసిల్లాయంతే. ఇంట్లో పెద్ద టబ్బు ఏదైనా ఉందా?” అని అడిగాడు. స్నానాల గదిలోని టబ్బును కడిగించి, తాగడానికి పెట్టుకున్న మట్టికుండల చల్లటి నీళ్లు అందులో పోయించి, ప్రతి కాడ చివరా కొత్తగా కోసి, గుత్తులను కాడలతో సహా నీళ్లలో ముంచి, పైకి తేలకుండా తడిపిన తువ్వాలు కప్పాడు. ముప్పావుగంట తరువాత తీసి చూస్తే పదిహేనింటిలో పన్నెండు మళ్లీ నిటారుగా నిలిచాయి. సాయంత్రం తాంబూలాలు మార్చుకునే వేళకు వేదిక మీద ఉన్నవి ఆ పూలే. ఆనాటి నుంచి ఈ పువ్వు గురించి అతడిని అడిగి తెలుసుకున్నదీ, నేను చేసి చూసినదీ ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందుగా పువ్వు నిర్మాణం కొంచెం తెలియాలి. హైడ్రాంజియా అనే పేరు గ్రీకు భాషలో నీరు, పాత్ర అనే అర్థాలున్న రెండు మాటల నుంచి వచ్చింది. దాని గింజకాయ చిన్న నీటికుండలా ఉంటుందని ఆ పేరు పెట్టారు కానీ, నీటి కోసం దానికి ఉండే తహతహకు కూడా ఆ పేరు చక్కగా సరిపోతుంది. మనం రేకులు అనుకునేవి నిజానికి ఆకర్షకపత్రాలు కావు, రక్షకపత్రాలు. అసలు పువ్వు వాటి నడుమ ఆవగింజంత మొగ్గగా ఉంటుంది. ఒక్కొక్క గుత్తిలో ఇలాంటి రేకులు వందల సంఖ్యలో ఉంటాయి కాబట్టి నీరు ఆవిరై పోయే వైశాల్యం చాలా ఎక్కువ. ఆ నష్టమంతా ఒకే ఒక కాడ గుండా పూడాలి. 40 డిగ్రీలు దాటే మన మే నెల ఎండలో, కిటికీలోంచి వడగాలి వీస్తుంటే, కాడ ఎంత బాగా పీల్చినా ఖర్చుకు తగ్గ జమ ఉండదు. అయితే ఈ పువ్వుకు ఒక మంచి గుణం ఉంది. కాడతోనే కాక రేకులతో కూడా అది కొంత నీటిని పీల్చుకోగలదు. టబ్బులో ముంచిన గుత్తులు తేరుకోవడానికి కారణం అదే.

ఇక కొనేటప్పుడు చూడవలసినవి. కడియపులంక పూల మార్కెట్‌లో గానీ, పట్టణంలోని పూలకొట్టులో గానీ గుత్తిని కంటితో చూసి ఊరుకోకుండా వేళ్లతో తాకి చూడాలి. రేకు తడి కాగితంలా మెత్తగా, జారుగా తగిలితే అది ఇంకా లేతది, ఎంత జాగ్రత్త చేసినా రెండో రోజుకు వాలిపోతుంది. ముదిరిన రేకు కాస్త గట్టిగా, తోలులా తగులుతుంది, వేలితో మీటితే తిరిగి తన చోటికి వస్తుంది. నడుమనున్న చిన్న మొగ్గలు విచ్చుకుని ఉంటే అది మరో మంచి గుర్తు. రేకుల అంచుల్లో ఆకుపచ్చ చాయ దిగినవి కొందరికి పాతవాటిలా కనిపించవచ్చు కానీ, ఎక్కువ కాలం నిలిచేవి అవే, నేనైతే వాటినే ఏరుకుంటాను. కాడ కింది భాగం పచ్చగా, నీరుకట్టినట్టు కాకుండా కొద్దిగా గోధుమరంగు తిరిగి గట్టిగా ఉండాలి. కాడ చివర నీటి గొట్టం తొడిగి ఉంటే దాన్ని ఇంటికి వచ్చేదాకా తీయకూడదు. గొట్టం లేకపోతే తడిపిన దూదిని చివర చుట్టి, ప్లాస్టిక్ సంచి కట్టించుకోవాలి. కడియం నుంచి రావులపాలెం మీదుగా అమలాపురం రావడానికి గంటన్నర పడుతుంది. మోటారుసైకిల్ మీద ఎదురుగాలికి పట్టుకొస్తే ఆ గంటన్నరలోనే పువ్వు ఆయుష్షు సగం తగ్గిపోతుంది కాబట్టి, గుత్తి మీద తడిగుడ్డను వదులుగా కప్పి, గాలి తగలకుండా తేవాలి.

ఇంటికి తెచ్చిన తరువాత చేసే మొదటి అరగంట పని మీదే మిగతా రోజులన్నీ ఆధారపడి ఉంటాయి. కాడను కోసిన ప్రతిసారీ లోపలి సన్నని నాళాల్లోకి గాలి జొరబడుతుంది. ఇది పొలంలో ఇంజనుకు గాలి పట్టడం వంటిదే. పైపులో గాలి చేరితే ఇంజను ఎంత తిరిగినా కాలువ నీరు పైకి రాదు, రైతు పైపు నిండా నీళ్లు పోసి ఆ గాలిని వెళ్లగొట్టాకే ధార మొదలవుతుంది. కాడలోనూ అంతే. కొట్టులో కోసి, బల్ల మీద కాసేపు ఉంచి, ఆ తరువాత నీళ్లలో పెట్టిన కాడ చివర గాలి కూర్చుని ఉంటుంది. అందుచేత బకెట్ నిండా నీళ్లు తీసుకుని, కాడ చివరను నీటిలోనే ఉంచి, అక్కడే రెండు మూడు సెంటీమీటర్ల మేర ఏటవాలుగా కోయాలి. పదునైన చాకుతో కోసినప్పుడు తెగిన చోట తెల్లటి బెండు, దాని చుట్టూ లేతపచ్చ వలయం స్పష్టంగా కనిపిస్తాయి. ఒక్కోసారి చిన్న గాలిబుడగ ఒకటి రెండు పైకి లేవడం కూడా చూడవచ్చు. మొండి కత్తెర వాడితే ఆ వలయం నలిగి, నాళాలు అణిగిపోతాయి. సుత్తితో గానీ పొత్రంతో గానీ కాడ చివరను చితక్కొట్టే అలవాటు కొందరికి ఉంది. నా అభిప్రాయంలో అది మేలు కంటే కీడే చేస్తుంది, ఎందుకంటే చితికిన పీచు ఒక్కరోజులో కుళ్లి నీటిని పాడుచేస్తుంది. కావాలంటే కోసిన చివర నుంచి పైకి రెండు సెంటీమీటర్ల మేర నిలువుగా ఒక చీలిక పెడితే సరిపోతుంది.

కోసిన వెంటనే వాడవలసినది పటిక. మన ప్రాంతంలో పటిక గురించి వేరే పరిచయం అవసరం లేదు. వరదకాలంలో గోదావరి ఎర్రనీరు కాలువల్లోకి వచ్చినప్పుడు బిందెలో పటికముక్కను నాలుగుసార్లు తిప్పి ఉంచితే తెల్లవారేసరికి మట్టి అడుక్కు చేరి నీరు తేటపడటం మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. అదే పటికను కల్వంలో మెత్తగా నూరి పెట్టుకోవాలి. కొత్తగా కోసిన తడి కాడను ఆ పొడిలో ఒకటిన్నర సెంటీమీటర్ల వరకు అద్ది, మిగిలిన పొడిని దులపకుండా నేరుగా కూజా నీటిలో పెట్టాలి. పటికలో ఉండే అల్యూమినియం లవణం నీటిని కొద్దిగా ఆమ్లగుణం వైపు మారుస్తుంది, కోసిన చోట సూక్ష్మజీవులు పెరగకుండా అడ్డుకుంటుంది. ఈ ఒక్క పని చేసిన గుత్తికీ, చేయని గుత్తికీ తేడా ఎంత ఉంటుందో తెలుసుకోవాలంటే ఒకే రోజు తెచ్చిన రెండు గుత్తులను రెండు గ్లాసుల్లో పెట్టి చూడండి. నేను అలా పెట్టినప్పుడు పటిక అద్దనిది మర్నాటి సాయంత్రానికి వాలింది, అద్దినది ఐదో రోజు కూడా నిలబడే ఉంది.

పటిక వల్ల గులాబీరంగు గుత్తి నీలంగా మారుతుందా అని చాలామంది అడుగుతారు. మొక్క మీద ఉన్నప్పుడు ఆమ్లనేలలోని అల్యూమినియాన్ని వేళ్లు పీల్చుకుంటే పువ్వు నీలంగా, క్షారగుణం ఉన్న నేలలో గులాబీరంగుగా పూస్తుందన్నది నిజమే. కోసిన కాడకు అద్దిన చిటికెడు పటికతో రంగు మారడం మాత్రం నేను ఎప్పుడూ చూడలేదు.

పటిక కాకుండా మరో పద్ధతి మరిగే నీరు. వెడల్పు గ్లాసులో మరిగే నీటిని నాలుగు వేళ్ల ఎత్తు పోసి, కొత్తగా కోసిన కాడ చివరను ముప్పై సెకన్లు అందులో ఉంచి, వెంటనే మామూలు నీటిలోకి మార్చాలి. వేడికి కాడ చివరనున్న గాలి బయటికి పోతుంది, సూక్ష్మజీవులు చస్తాయి. ఆవిరి తగిలితే రేకులు కమిలిపోతాయి కాబట్టి గుత్తిని పక్కకు వంచి పట్టుకోవడమో, దాని మీద తడిగుడ్డ కప్పడమో చేయాలి. తాజా గుత్తులకు పటిక, అప్పటికే కొద్దిగా వాలిన వాటికి మరిగే నీరు నా వాడుక. రెండూ ఒకే కాడకు చేయవలసిన పని లేదు.

ఆకుల విషయం ఒక్క మాటలో చెప్పవచ్చు: వీలైనన్ని తీసేయండి. అవి కూడా అదే కాడ నీటిని తాగుతాయి, నీటిలో మునిగినవి కుళ్లుతాయి. అందం కోసం గుత్తికి దగ్గరగా ఒక చిన్న ఆకు ఉంచుకోవచ్చు. తీసిన ఆకులను పశువుల మేతలో గానీ కుడితి గోలెంలో గానీ వేయకూడదు. ఈ మొక్కలోని పదార్థాల నుంచి సయనైడ్ విడుదలవుతుంది. పశువులకు, మేకలకు, పిల్లులకు, కుక్కలకు అది హాని చేస్తుంది. పసిపిల్లలు రేకులు నోట్లో పెట్టుకోకుండా కూడా కూజాను ఎత్తుగా ఉంచాలి.

ఇక నీరు. డెల్టాలో అన్ని ఊళ్ల నీరూ ఒకటి కాదు. సముద్రానికి దగ్గరగా ఉన్న కోనసీమ ఊళ్లలో చాలాచోట్ల బోరు నీరు ఉప్పగా ఉంటుంది, ఆ నీటిలో ఏ కోసిన పువ్వూ ఎక్కువ రోజులు నిలవదు. కాలువ నీటిలోని సన్నటి ఒండ్రు కాడ చివర పేరుకుంటుంది. అందువల్ల తాగడానికి తెప్పించుకునే క్యాన్ నీళ్లను కూజాకు కూడా వాడటం మంచిది. అది వీలుకాకపోతే కాలువ నీటిని పటికతో తేర్చి, పైతేటను మాత్రమే వంచుకోవాలి. వేసవి మధ్యాహ్నం మేడ మీది ట్యాంకు నుంచి వచ్చే నీరు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటుంది కనుక, ఆ నీటిని పొద్దున్నే పట్టి కుండలో చల్లార్చుకోవాలి.

కూజా లోతుగా ఉండాలి, దానిలో ముప్పాతిక వంతు నీరు ఉండాలి. చామంతికి, జెర్బెరాకు తక్కువ నీరు చాలు, హైడ్రాంజియాకు చాలదు. మొదటిసారి పెట్టినప్పుడు గాజు కూజా మీద నీటిమట్టం దగ్గర స్కెచ్ పెన్నుతో గీత గీసి చూశాను. మూడు గుత్తులున్న ఆ కూజాలో మర్నాటికి నీరు రెండు వేళ్లు దిగింది. ఇత్తడి, రాగి పాత్రలు చూడముచ్చటగా ఉంటాయి కానీ పటిక, నిమ్మరసం వంటివి తగిలితే వాటికి చిలుము పట్టి ఆ లవణం నీటిలో దిగుతుంది. గాజు గానీ పింగాణీ గానీ వాడాలి. బుట్టల అలంకరణలో వాడే ఆకుపచ్చ స్పాంజిలో ఈ పువ్వును గుచ్చకపోవడమే మేలు, దానికి కావలసినంత నీరు స్పాంజి ఇవ్వలేదు. తప్పనిసరైతే కాడ చివర నీటి గొట్టం తొడిగి, దానిని స్పాంజిలో గుచ్చాలి.

రోజూ ఉదయం పాత నీరు పారబోసి, కూజా లోపలి గోడను వేలితో తాకి చూడాలి. జిగురుగా తగిలితే సూక్ష్మజీవులు చేరాయని అర్థం. కాలువకు గుర్రపుడెక్క అడ్డుపడినట్టు ఆ జిగురు నాళాలకు అడ్డుపడుతుంది. కూజాను సబ్బుతో తోమి, కాడను మరో సెంటీమీటరు కోసి, మళ్లీ పటిక అద్ది, కొత్త నీరు పోయాలి. పటిక వాడనివారు లీటరు నీటికి నాలుగైదు చుక్కల బ్లీచ్ ద్రావణం కలపవచ్చు. పంచదార, నిమ్మరసం కలిపే పద్ధతి కూడా ఉంది కానీ, నేను దానిని ఈ పువ్వుకు వాడను. మన వేడికి పంచదార నీరు పూటలో పులుస్తుంది. హైడ్రాంజియాకు కావలసింది తిండి కంటే ముందు నీరు. ముఖ్యంగా నిమ్మరసాన్ని, బ్లీచ్‌ను ఎప్పుడూ కలపకూడదు, అందులోంచి ఘాటైన క్లోరిన్ వాయువు వస్తుంది.

కూజా పెట్టే చోటు గురించి. ఫ్యాను కింద, ఏసీ గాలి నేరుగా తగిలే చోట, టీవీ మీద, పడమటి కిటికీ దగ్గర పెట్టకూడదు. వంటింట్లో అరటిగెల మాగుతున్నా, గడ్డిలో మామిడిపండ్లు ముగ్గేసినా ఆ గదిలో పూలు ఉంచవద్దు. మాగే పండ్ల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు పూలను త్వరగా ముదిరిస్తుంది. అదే కూజాలో కార్నేషన్లు, ఆర్కిడ్లు కలిపి పెట్టి ఉంటే ముందుగా దెబ్బతినేవి అవే. రాత్రిపూట కూజాను చల్లటి గచ్చు మీద, స్నానాల గదిలో ఒక మూల ఉంచి, గుత్తుల మీద బాగా పిండిన పలుచటి తడిగుడ్డ కప్పితే మర్నాటికి ఎంతో తేటగా కనిపిస్తాయి. ఫ్రిజ్‌లో చోటు ఉంటే అక్కడా పెట్టవచ్చు, అయితే పండ్లు తీసేసిన తరువాతే. రోజుకు రెండుసార్లు స్ప్రే సీసాతో రేకుల మీద సన్నగా నీరు చల్లడం వేసవిలో చాలా ఉపకరిస్తుంది. శ్రావణ భాద్రపదాల ముసురులో మాత్రం చల్లకూడదు. గాలిలోనే తేమ నిండి ఉన్నప్పుడు గుత్తి నడుమ నిలిచిన నీరు ఆరక, గోధుమరంగు మచ్చలు వచ్చి బూజు పడుతుంది.

ఇంత చేసినా ఏదో ఒక గుత్తి వాలుతుంది. దాన్ని వెంటనే పారేయవద్దు. కాడ చివర కోసి, మొదట చెప్పినట్టు పెద్ద పాత్రలో చల్లటి నీళ్లు పోసి, గుత్తి పూర్తిగా మునిగేలా అరగంట నుంచి రెండు గంటల వరకు ఉంచాలి. టబ్బు లేనివారికి గంగాళం సరిపోతుంది. తీసిన తరువాత కాడను రెండు అరచేతుల మధ్య పట్టుకుని మెల్లగా తిప్పుతూ నీళ్లు దులిపి, తల కిందికి ఉండేలా ఐదు నిమిషాలు పట్టుకుని, ఆ తరువాత మరిగే నీటి పద్ధతి చేసి కూజాలో పెట్టాలి. గంటలోపు రేకులు బిగుసుకుంటే అది మరో రెండు మూడు రోజులు నిలుస్తుంది. రేకుల అంచులు అప్పటికే గోధుమరంగుకు తిరిగి, కాగితంలా కరకరలాడుతుంటే మాత్రం అది దాహంతో వాలినది కాదు, ముదిరి ముగిసినది, దానికి ఈ వైద్యం పనిచేయదు.

ఈ జాగ్రత్తలన్నీ తీసుకుంటే మా ఇంట్లో ధనుర్మాసంలో గుత్తులు వారం రోజులకు తక్కువ కాకుండా నిలుస్తున్నాయి, వేసవిలో నాలుగు రోజులు. కొండ ప్రాంతాల చల్లదనంలో నిలిచినంత కాలం ఇక్కడ నిలవాలని ఆశించడం న్యాయం కాదు కాబట్టి, శుభకార్యానికి కొనేవారు ముందు రోజు సాయంత్రం తెచ్చి, రాత్రంతా లోతైన బకెట్ నీళ్లలో ఉంచి, తెల్లవారుజామున కాడ కోసి వేదికకు చేర్చేలా ఏర్పాటు చేసుకోవాలి.

ముదిరి, ఆకుపచ్చ చాయ తిరిగిన గుత్తులను ఎండబెట్టి దాచుకోవచ్చు కూడా. కూజాలో రెండంగుళాల నీరు పోసి, ఇక మళ్లీ పోయకుండా వదిలేస్తే, నీరు ఇంకేకొద్దీ పువ్వు నిలబడిన చోటే మెల్లగా ఎండుతుంది. ఇది మార్గశిరం, పుష్యం నెలల పొడిగాలిలో చేయవలసిన పని. మా మరిది నిశ్చితార్థం నాడు బతికించిన పన్నెండులో ఒకదానిని నేను వేసవిలోనే ఎండబెట్టబోయాను. రోహిణికార్తెలో బాగానే ఎండింది కానీ, తొలకరి వాన పడిన వారానికి బూజు పట్టింది. ఆ తరువాత చలికాలంలో ఎండబెట్టినవి రెండు మా హాల్లో గాజు కూజాలో ఇప్పటికీ ఉన్నాయి. నీలం పోయి, పాత ఉత్తరాల కాగితం రంగుకు వచ్చాయి.